పేర్ల సారు

పోయిన నెల హనుమకొండ చౌరస్తాలో ఆటో కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు నాతో పాటు కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసిన ఆపరేటర్ ఒకాయన కనబడ్డాడు. ఇద్దరమూ రిటైరైన వాళ్ళమే. మోకాళ్ళ నొప్పుల గురించి, పెన్షన్ ఆఫీసులో తిప్పుకోవడం గురించి కాసేపు మాట్లాడుకున్నాం. ఆయన ఆటో ఎక్కుతూ ఎక్కుతూ ఆగి వెనక్కి తిరిగాడు.

"మన పేర్ల సారు పోయిండట గదా మేడం. ఆర్నెల్లయిందట. నాకు మొన్ననే తెలిసింది."

ఆటో వెళ్ళిపోయింది. నా ఆటో కూడా వచ్చి ఆగింది. డ్రైవర్ రెండుసార్లు పిలిచి, విసుక్కుని వెళ్ళిపోయాడు. నేను అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

ఆయనకు అసలు పేరు ఉంది. కానీ సెంటర్‌లో ఎవరమూ ఆ పేరుతో పిలవలేదు. కేంటీన్‌లో టీ ఇచ్చే మనిషి దగ్గర్నుంచి హెడ్ దాకా అందరికీ ఆయన పేర్ల సారే. ఎదురుగా అనేవాళ్ళు కాదు. అయినా ఆయనకు తెలుసు. తెలిసి మురిసిపోయేవారని నా అనుమానం.

నేను అక్కడ చేరింది ఎనభైల చివర్లో. మా ఇల్లు వరంగల్‌లో కొత్తవాడ. నాన్న మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. బీఎస్సీ అయ్యాక ఒక డిప్లొమా చేసి, టెంపరరీ అసిస్టెంట్‌గా సెంటర్‌కి వచ్చాను. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. నాకు తెలిసినంతలో అదే మొదటి ఏసీ గది. మొదటి రోజు చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, చలికో భయానికో తెలియదు. గది మూలన పొట్టి చేతుల స్వెట్టర్ వేసుకున్న మనిషి టెర్మినల్ ముందు కూర్చోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ అలాగే నిలబడతారని తర్వాత తెలిసింది. "పాపం అది కష్టపడుతాంటే మనం కూసునుడేంది?" అనేవారు.

"కొత్తగ వచ్చినవా? పేరేంది?"

"కుమారి, సార్."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఇంకోసారి చెప్పు."

చెప్పాను. కళ్ళు తెరిచి నన్ను చూశారు. "ఇంట్ల గూడ గిట్లనే పిలుస్తరా?"

నాకు ముఖం వేడెక్కింది. నా పేరు కొమురమ్మ. నాలుగో తరగతిలో పంతులుగారు రిజిస్టర్‌లో కుమారి అని రాస్తే నేనే సంబరపడి అదే ఉంచుకున్నాను. కాలేజీలో ఎవరికీ తెలియదు. ఆయనకు మాత్రం ఎందుకో చెప్పాను.

"కొమురమ్మ," అన్నారు ఆయన నెమ్మదిగా, ఒత్తు ఎక్కడ పడాలో అక్కడే పెట్టి, మా అమ్మ పిలిచినట్టే. "మంచిగున్నది గద. ఎందుకు దాసుకున్నవ్?"

ఎవరు పరిచయమైనా ఇంతే. పేరు రెండుసార్లు చెప్పించుకోవడం, కళ్ళు మూసుకుని వినడం. ఆదివారాలు హనుమకొండ బస్టాండ్‌లో బెంచీ మీద కూర్చుని, ఎవరు ఎవరిని ఎలా కేకేస్తున్నారో వినేవారట. ఒక నోట్‌బుక్కు నిండా పేర్లు. ఐలయ్య, సారయ్య, కొమురెల్లి, సమ్మక్క. ఒక్కో పేరు కింద ఇంగ్లీషులో దాన్ని ఎన్ని రకాలుగా రాశారో అన్ని రకాలూ వరసగా ఉండేవి.

అది పిచ్చి కాదని నాకు నెల రోజులకు అర్థమైంది. పెద్ద దవాఖానలో టీబీ రోగుల కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మా సెంటర్‌కి వచ్చింది. కార్డుల మీద పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. ఒక గుమాస్తా సమ్మయ్యను ఒకలా రాస్తే, ఇంకో గుమాస్తా మరోలా రాశాడు. ఒకే మనిషి ఏడాది తర్వాత మళ్ళీ వస్తే, అక్షరం మారింది కాబట్టి పాత కార్డు దొరకదు, కొత్త రోగి అని కొత్త కార్డు పుడుతుంది. మందులు మొదటినుంచి మొదలవుతాయి.

కార్డులు దాచిన డేటాబేస్ ఒక విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశోధన కోసం రాసుకున్నది. టేపు మీద మా దగ్గరికి వచ్చింది. వివరాలన్నీ పట్టికల్లో ఉంటాయి, అడిగితే ఏరి ఇస్తుంది. కానీ అక్షరం అక్షరం కలిస్తేనే ఇస్తుంది. వినడానికి ఒకేలా ఉండే పేర్ల సంగతి దానికి తెలియదు. వేల పేర్లు బయటికి తీసి, వేరే ప్రోగ్రామ్‌లో పోల్చి చూస్తే ఒక పూటంతా పట్టేది. అయితే దాని మాన్యువల్‌లో ఒక పేజీ ఉంది. దానికి రాని పని ఏదైనా ఉంటే మనం సి భాషలో రాసి లోపలే చేర్చవచ్చు, ఆ పైన ఆ పని తనదే అన్నట్టు అది చేసిపెడుతుంది. మిగతావాళ్ళు ఆ పేజీ చదివి తిప్పేశారు. ఆయన మాత్రం అక్కడే ఆగిపోయారు.

"పేర్లన్నిటినీ బయటికి మోసుకొచ్చుడు ఎందుకు? వినే తెలివినే లోపలికి పంపుదాం," అన్నారు.

ఆయన రాసిన ఆ ముక్క పేరు 'విను'. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరు ఇస్తే, మన నోట అది ఎలా పలుకుతుందో ఒక గుర్తుగా మార్చి ఇచ్చేది. రెండు పేర్ల గుర్తులు ఒకటైతే ఆ రెండూ ఒకేలా వినబడతాయన్నమాట. దాన్ని డేటాబేస్ లోపల చేర్చిన రోజు, సమ్మయ్య అని ఒక్కటి అడిగితే ఆరు రకాల సమ్మయ్యలు తెర మీదికి వచ్చారు. ఆయన బయటికి వెళ్ళి, టీ సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ మెట్ల మీద ఒక్కరే కూర్చున్నారు. కిటికీలోంచి చూశాను. నవ్వుకుంటున్నారు.

ఒక ఉదయం 'విను' మూడు కార్డులను ఒక్కచోటికి తెచ్చింది. మూడూ వర్ధన్నపేట పక్కన ఒకే ఊరివి. మొదటి కార్డు రెండేళ్ళ కిందటిది. సూది మందు వల్ల చెవుల్లో హోరు వస్తోంది, వినికిడి తగ్గింది, ఇక ఈ సూది ఇవ్వవద్దు అని డాక్టర్ రాసి ఉంది. రెండోది పోయిన వారం రాసిన కొత్త కార్డు. అదే సూది రోజూ వర్ధన్నపేట దవాఖానలో ఇవ్వమని ఉంది. రెండింటి మీదా పేరు ఐలమ్మే, ఇంగ్లీషు అక్షరాలే వేరు. మూడోది ఎవరో ఎల్లమ్మది.

సారు వెంటనే కార్డులు పట్టుకుని దవాఖానకు పోయారు. నన్నూ రమ్మన్నారు. ఆ వార్డు చూసే డాక్టరమ్మ మంచిదే, కానీ ఎదురుగా యాభై మంది నిలబడి ఉన్నారు.

"రెండు పేర్లు ఒకలా వినబడుతున్నాయని మందు ఆపమంటారా? ఒక ఊళ్ళో ఎంతమంది ఎల్లమ్మలు, ఐలమ్మలు ఉంటారో మీకే తెలియాలి. ఆపితే జబ్బు ముదురుతుంది. మనిషిని తీసుకొచ్చి చూపించండి, చూస్తాను," అన్నారామె.

"గదీ నిజమే," అన్నారు సారు బయటికి వచ్చి. "ఆమె అన్నదాంట్ల తప్పు లేదు. నడువు, బస్సుకు టైమైంది."

ఖమ్మం రోడ్డు బస్సెక్కి వర్ధన్నపేటలో దిగి, ఎండలో మూడు కిలోమీటర్లు నడిచాం. ఊళ్ళో అడిగితే ముందు ఎల్లమ్మ ఇల్లే చూపించారు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. ఆమెకు సూదులు ఎన్నడూ వేయలేదట. సారు ముఖం వాడిపోయింది. "నా 'విను' ఈమెను ఎందుకు పట్టుకొచ్చింది? ఎల్లమ్మకూ ఐలమ్మకూ తేడా తెల్వకపోతే అది వినుడెట్లయితది?" అని గొణుక్కున్నారు.

ఐలమ్మ చేనులో ఉంటే పిలిపించారు. ముప్పై ఏళ్ళుంటాయి. వచ్చి నిలబడి మా పెదాల వంక చూసింది. మాట వినబడాలంటే ఆమెకు పెదాలు కనబడాలి. సారు దగ్గరికి వెళ్ళి, గట్టిగా, నిదానంగా అడిగారు.

"అక్కా, నీ పేరేంది?"

"ఐలమ్మ."

"రెండేండ్ల కింద గీ సూదులే తీసుకున్నవా?"

"తీసుకున్న సారూ. చెవులు పోతానయని వాళ్ళే బంద్ చేసిండ్రు."

"ఇప్పుడు మల్ల మొదలువెట్టిండ్రా?"

"మూడయినయి. మల్ల గదే హోరు. రాత్రిపూట వర్షం వడ్డట్టు ఉంటది."

"మరి చెప్పలేదా అక్కా?"

"చెప్పిన. కొత్తగ వచ్చినోళ్ళకు గట్లనే అనిపిస్తదన్నరు. నేను కొత్తదాన్ని కాదు అయ్యా అంటే, కార్డు సూడు, కొత్తదే ఉన్నదన్నరు. నాకు సదువు రాకపాయె. నేనే కొత్తదాన్నేమో అనుకున్న."

సారు ఆమె భర్తను పిలిపించి, "సాయంత్రం సూదికి పోవద్దు. ఇప్పుడే మాతోని రావాలె," అన్నారు. మధ్యాహ్నం బస్సులో నలుగురం దవాఖానకు చేరుకున్నాం. డాక్టరమ్మ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసి, ఐలమ్మ చెవి దగ్గర చేతి గడియారం పెట్టి పరీక్షించి, కార్డులో సూది పేరు కొట్టేసి వేరే మందు రాశారు. పెన్ను మూసి, "రేపటి నుంచి రోజూ పొద్దున్నే నాకు ఇట్లాంటి లిస్టు పంపుతారా?" అని అడిగారు. ఐలమ్మకు పోయిన వినికిడి తిరిగి రాలేదు. మిగిలింది మాత్రం మిగిలింది. జబ్బు నయమైందని తర్వాతి ఏడాది ఆమె భర్త వచ్చి చెప్పి వెళ్ళాడు. అప్పటికి సారు సెంటర్‌లో లేరు.

ఆయన వెళ్ళిపోవడానికి కారణం నేను. ఈ మాట ముప్పై ఏళ్ళకు పైగా ఆయనతో తప్ప ఎవరితోనూ అనలేదు.

లిస్టులు పంపడం మొదలయ్యాక డాక్టరమ్మ ఇంకోటి అడిగారు. పేరుతో పాటు తండ్రి పేరో భర్త పేరో కూడా కలిపి పోలిస్తే పొరపాట్లు తగ్గుతాయి కదా అని. సారు నా వైపు తిరిగి, "ఈ ముక్క నువ్వు రాయి కొమురమ్మా," అన్నారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. వారం రోజులు కష్టపడి రాశాను. నోట్‌బుక్కులో ఉన్న పేర్లన్నీ ఇచ్చి చూశాను, అన్నీ సరిగ్గా వచ్చాయి. ఆయనకు ఇచ్చినప్పుడు ఒక హెచ్చరిక చేశారు. "బయట నడిచే ప్రోగ్రామ్‌ల తప్పుంటే అది ఒక్కటే వడిపోతది. లోపల తప్పుంటే అందరినీ పట్టుకొని వడిపోతది. జర సూస్కో." చూసుకున్నానని చెప్పాను. ఆ రోజే ఆయన సొంతూరు కేసముద్రం నుంచి వాళ్ళమ్మకు బాగాలేదని కబురొచ్చింది. ఆయన నిలబడే నా కోడ్ మీద ఒకసారి కన్ను వేసి, లోపల చేర్చి, రైలుకు పరుగెత్తారు.

తండ్రి పేరు కోసం నేను ముప్పై అక్షరాల చోటు ఉంచాను. ఏ తండ్రి పేరు అంతకంటే పొడవు ఉంటుందని? మూడు వారాల తర్వాత ఒక పొద్దున, ఎవరో తండ్రి పేరుతో పాటు ఇంటి పేరూ, ఊరూ, ఎవరింట్లో ఉంటున్నారో అదీ కలిపి ఆ గడిలోనే కొట్టేశారు. నా ముక్క ఆ ముప్పై అక్షరాల చోటు దాటి, పక్కనున్న దాని మీద కూడా రాసుకుంటూ పోయింది. అది డేటాబేస్ సొంత జాగా. టెర్మినళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మళ్ళీ మొదలుపెడితే కార్డుల పట్టిక తెరుచుకోలేదు. బ్యాకప్ టేపు మూడు వారాల నాటిది. ఆ మూడు వారాల్లో ఎక్కించిన కార్డులన్నీ పోయాయి.

సారు అరగంటలో తప్పు కనిపెట్టారు. ఆయన వేలు తెర మీద నా లైను దగ్గర ఆగడం నేను చూశాను. నా వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు.

హెడ్ గదిలో అందరం నిలబడ్డాం. హెడ్ కోపంతో ఊగిపోతున్నారు. "ఎవరి కోడ్ ఇది?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

"నాదే సార్," అన్నారు పేర్ల సారు.

"మంచిగా నడుస్తున్న దాంట్లో వేలు పెట్టమని మీకెవరు చెప్పారు? ఇవాళ్టి నుంచి ఎవరి కోడూ డేటాబేస్ లోపల నడవడానికి వీల్లేదు. అంతా పీకేయండి. పోయిన కార్డులు ఎట్లా తెస్తారో తెండి."

ఆయనదీ టెంపరరీ పోస్టే. నెల తిరిగాక పొడిగించరని అందరికీ అర్థమైంది. పోయిన కార్డులను మళ్ళీ ఎక్కించే పని ఆయన తన మీదే వేసుకున్నారు. సాయానికి నేనుంటానన్నాను. దాదాపు నెల రోజులు ఆయన చదివారు, నేను టైపు చేశాను. ఆయన ఊరికే చదివేవారు కాదు. ప్రతి పేరునూ, ఆ మనిషి ఎదురుగా ఉండి చెప్పినట్టు పలికేవారు. మధ్యాహ్నం జొన్నరొట్టె డబ్బా తెరిచి సగం నా వైపు జరిపేవారు. రొట్టె తింటూ, ఫలానా ఊళ్ళో 'సారక్క'ను ఎట్లా సాగదీస్తారో పలికి చూపించేవారు. నేను నవ్వేదాన్ని. నవ్వి, ఈ మనిషి ఉద్యోగం నా వల్ల పోతోందని గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని. రోజూ ఇవాళ చెప్పేస్తాను అనుకుని వచ్చేదాన్ని. చెబితే ఆ కుర్చీ పక్కన కూర్చునే రోజులు అయిపోతాయేమోనని చెప్పేదాన్ని కాదు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు చాలా తక్కువ. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

చివరి కార్డు అయిన రోజు ఆయన స్వెట్టర్ విప్పి సంచీలో పెట్టుకుని, "పోయొస్త కొమురమ్మా," అని వెళ్ళిపోయారు. దవాఖాన వాళ్ళు కూడా తర్వాత కార్డులు పంపడం మానుకున్నారు. నా పోస్టు ఆ ఏడే పర్మినెంట్ అయింది.

ఆ కాగితం చేతికొచ్చాక నా మనసులో ఒక ఊహ బలపడింది. ఆయన ఆ రోజు నన్ను కాపాడటానికే తన మీద వేసుకున్నారని. నా కోసమే అని. ఆ 'నా కోసం' అన్న మాట నన్ను నిలవనీయలేదు. ఒక ఆదివారం ఇంట్లో స్నేహితురాలి పెళ్ళని చెప్పి, పాసింజరెక్కి కేసముద్రంలో దిగాను.

మార్కెట్ యార్డు వెనక వాళ్ళిల్లు. వాకిట్లో చాప మీద పదిమంది పిల్లలు లెక్కలు చేస్తున్నారు. ఆయన ట్యూషన్ చెబుతున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోయి, లోపలికి పిలిచి, "అమ్మా, కొమురమ్మ వచ్చింది," అన్నారు. మంచంలో ఉన్న ఆమె నవ్వింది. "వీడు చెప్తాంటడు నీ గురించి. కూసో బిడ్డా." ఏం చెబుతుంటారో అడగాలనిపించింది. అడగలేదు.

అన్నం తిన్నాక స్టేషన్ దాకా వచ్చారు. ప్లాట్‌ఫారం మీద మిర్చి బస్తాల ఘాటుకు ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. ఇక ఆగలేక చెప్పేశాను.

"సార్, ఆ ముప్పై అక్షరాల తప్పు నాది."

"ఎరుకే గద," అన్నారు.

"మరి నాదని ఎందుకన్నరు సార్?"

ఆయన నిజంగానే ఆలోచించారు. ముఖంలో దాపరికం ఏమీ లేదు. "రాసింది నువ్వే. కానీ లోపల వెట్టింది నేను. అంత ముఖ్యమైన దాంట్ల వెట్టేటప్పుడు లైను లైను సూడాలె. నేను బండి అందుకునే తొందరల సూడలే. అప్పుడు అది నా తప్పే గద. నీ జాగల ఇంకెవలున్నా గదే అంటుంటి. నువ్వేం ఫికర్ వెట్టుకోకు."

నా జాగల ఇంకెవలున్నా. ఆయన నా గుండె తేలిక చేయాలని అన్న మాట అది. ఆయన దృష్టిలో అంతకంటే మంచి మాట ఉండదు. నేను తలూపాను.

"డాక్టరమ్మకు లిస్టు ఇంకెట్లనన్న పోతాందా?" అని అడిగారు.

"లేదు సార్. అంతా తీసేసిండ్రు."

ఆయన ముఖం నల్లబడింది, పట్టాల వైపు తిరిగారు. తన ఉద్యోగం పోయిన రోజు కూడా నేను ఆ ముఖం చూడలేదు. "మరి కొత్తోళ్ళు వస్తాంటే ఎట్ల తెలుస్తది?" అన్నారు. నన్ను అడిగినట్టు లేదు.

బండి వచ్చింది. కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, "పైలం, మంచిగ పో," అని దిగిపోయారు. ఆయన ఒక్కసారైనా తిరిగి చూస్తారేమోనని గేటు దాటేదాకా చూశాను. చూడలేదు. చాప మీద పిల్లలు ఎదురుచూస్తున్నారు మరి.

తర్వాత నాకు పెళ్ళయింది. మా ఆయన మంచివాడు. ఖమ్మానికో విజయవాడకో ఆ దారిన ఎన్నోసార్లు పోయాం. కేసముద్రంలో బండి ఆగినప్పుడల్లా నేను లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. ఒకసారి మా ఆయన వెనకే వచ్చి, "ఇక్కడ నీకు ఎవలన్న ఉన్నరా?" అని అడిగాడు.

"ఉన్నరు," అన్నాను.

"మరి దిగుదమా? వేరే బండికి పోవచ్చు," అన్నాడు, సంచీ అందుకుంటూ.

అప్పటికే బండి కదిలింది.